టైల్స్ కింద ఎలక్ట్రిక్ హీటింగ్ మ్యాట్ వేసుకోవడం ఎలా

మనది ఒట్టి కాళ్ళతో తిరిగే ఇల్లు. చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. కాకినాడలోనో కరీంనగర్‌లోనో అది హాయిగా ఉంటుంది. మిషిగన్‌లో జనవరి తెల్లవారుజామున బాత్రూమ్ టైల్ మీద కాలు పెడితే అరికాలి నుంచి వెన్ను దాకా జివ్వుమంటుంది. మా అమ్మ మొదటిసారి చలికాలంలో వచ్చినప్పుడు రెండు జతల సాక్సులు తొడుక్కుని, టైల్ మీద జారతానేమోనని గోడ పట్టుకుని నడిచేది. అది చూడలేక ఆ ఏడాదే బాత్రూమ్ నేల తీయించి, టైల్స్ కింద హీటింగ్ మ్యాట్ వేయించాను. ఆ తర్వాత ఇంకో బాత్రూమ్, వంటగది నేనే పరిచాను. అమెరికాలోనో కెనడాలోనో సొంత ఇల్లుండి, నేల మార్చే ఆలోచనలో ఉన్న తెలుగువాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మ్యాట్‌ని సిమెంటులో పూడ్చేశాక అది మళ్ళీ చేతికి దొరకదు. అందుకే అసలు పనంతా పూడ్చకముందే, కొలతల్లోనూ, తీగ బాగుందో లేదో చూసే మీటరులోనూ ఉంది. మా మొదటి బాత్రూములో ఇది తెలియక దెబ్బ తిన్నాం. పనివాడు ఇనప పళ్ళ తాపీతో టైల్ అంటించే సిమెంటు మసాలా పరిచాడు, దాని అంచు తగిలి తీగ తెగింది. మధ్యలో ఎవరూ మీటరు పెట్టి చూడలేదు. టైల్స్ అన్నీ పరిచి, సందుల్లో గ్రౌట్ నింపి, స్విచ్ వేశాక తెలిసింది నేల వేడెక్కడం లేదని. తెగిన చోటు పరికరంతో వెతికించి, మూడు టైల్స్ పగలగొట్టి, అతుకు వేయించాల్సి వచ్చింది. రెండు నిమిషాల మీటరు పరీక్ష చేసి ఉంటే ఆ ఖర్చంతా తప్పేది.

మ్యాట్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. సన్నటి ప్లాస్టిక్ వల మీద హీటింగ్ కేబుల్‌ని పాములా మెలికలు తిప్పి కుట్టి ఉంటారు. మందం అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటుందేమో. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, ఆ వేడి చుట్టూ ఉన్న సిమెంటుకి, టైల్‌కి ఎక్కుతుంది. కొరియా వాళ్ళు ఎన్నో తరాలుగా పొయ్యి పొగని నేల కింద నుంచి పోనిచ్చి ఇళ్ళు వెచ్చబెట్టుకున్నారు, దాన్ని ఒండోల్ అంటారు. కశ్మీర్‌లో మసీదుల పక్కన ఉండే హమామ్‌లలో రాతి పలకల కింద కట్టెలు మండిస్తారు. ఆలోచన అదే, ఇక్కడ కట్టెల బదులు కరెంటు.

అయితే దీని నుంచి ఏం ఆశించాలో తెలుసుకోండి. మ్యాట్ మామూలుగా చదరపు అడుగుకి 12 వాట్లు ఇస్తుంది, కొన్ని రకాలు 15 ఇస్తాయి. కాళ్ళకి వెచ్చగా ఉండటానికి అది బాగా సరిపోతుంది. పెద్ద కిటికీలున్న గదినో, సరిగా ఇన్సులేషన్ లేని బేస్‌మెంట్‌నో మొత్తం వేడి చేయడానికి చాలదు. ఫర్నేస్ తీసేసి దీని మీద ఆధారపడదామనుకుంటే నిరాశ తప్పదు.

కొలతలు, లెక్క

టేపు పట్టుకుని గది కొలవండి. మొత్తం వైశాల్యం కాదు, నిలబడే చోటు మాత్రమే కావాలి. బాత్‌టబ్ కింద, సింకు అలమర కింద, నేలకి ఆనుకుని ఉండే ఏ అలమర కిందా మ్యాట్ వేయకూడదు. వేడి బయటికి పోయే దారి లేక అక్కడే పోగవుతుంది, తీగ పాడవుతుంది. గోడల నుంచి కొన్ని అంగుళాలు వదలండి. కమోడ్ చుట్టూ కూడా బాగా ఎడం ఇవ్వండి, ఎందుకంటే దాని కింద ఉండే మైనపు రింగు వేడికి మెత్తబడితే నీళ్ళు కారతాయి. ఎన్ని అంగుళాలన్నది మీరు కొన్న మ్యాట్ పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి.

మా బాత్రూమ్ 8 అడుగులు, 10 అడుగులు. అంటే 80 చదరపు అడుగులు. టబ్, సింకు అలమర, కమోడ్, గోడల అంచులు తీసేస్తే 43 మిగిలింది. 40 చదరపు అడుగుల మ్యాట్ కొన్నాను. ఎప్పుడూ కొలిచిన దానికంటే కాస్త చిన్నదే కొనండి. వలని ఎక్కడైనా కత్తిరించవచ్చు, కేబుల్‌ని మాత్రం ఒక్క అంగుళం కూడా కత్తిరించకూడదు. కాబట్టి మిగిలిపోయిన మ్యాట్‌ని ఏం చేయాలో తోచక అలమర కిందికి తోసేద్దామనే ఆలోచన వస్తుంది. ఆ పరిస్థితే రానివ్వకండి.

ఇప్పుడు లెక్క. 40 ని 12 తో గుణిస్తే 480 వాట్లు. మాది 120 వోల్టుల లైను, కాబట్టి 4 ఆంపియర్లు. తీగ నిరోధం రావాలంటే వోల్టుని వోల్టుతోనే గుణించి వాట్లతో భాగించండి. 14,400 ని 480 తో భాగిస్తే 30 ఓమ్‌లు. ఈ 30 గుర్తుపెట్టుకోండి, పని అయ్యేదాకా ఇదే మన కొలమానం.

వోల్టేజ్ విషయంలో పొరపాటు చేయకండి. 120 వోల్టుల మ్యాట్‌ని 240 కి కలిపితే నాలుగు రెట్ల కరెంటు శక్తి దాని మీద పడి కాలిపోతుంది. 240 వోల్టుల మ్యాట్‌ని 120 కి కలిపితే నాలుగో వంతు వేడే వస్తుంది, నేల గోరువెచ్చగా కూడా కాదు. కొనేటప్పుడే డబ్బా మీద చూసుకోండి. రెండు మ్యాట్‌లు వేయాల్సి వస్తే రెంటినీ నేల వేడిని అదుపు చేసే గోడ స్విచ్‌కి, అంటే థర్మోస్టాట్‌కి, పక్కపక్కనే, అంటే ప్యారలల్‌గా కలపాలి. ఒకదాని తోకకి ఇంకొకటి అతికించకూడదు.

కరెంటు లైను

ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను. మ్యాట్ మీరు పరుచుకోండి, బ్రేకర్ ప్యానెల్ నుంచి లైను మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. పర్మిట్ కూడా తీయండి. మన ఊళ్ళో మేస్త్రీతో మాట్లాడుకుని పని చేయించుకునే అలవాటు మనకుంది, ఇక్కడ అది కుదరదు. పర్మిట్ లేకుండా చేస్తే ఇల్లు అమ్మేటప్పుడో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినప్పుడో తలనొప్పి అవుతుంది.

ఎలక్ట్రీషియన్ ఏం చేస్తున్నాడో మీకూ అర్థం కావాలి. మ్యాట్‌కి వీలైతే వేరే సర్క్యూట్ ఇవ్వాలి. గంటల తరబడి నడిచే లోడ్ కాబట్టి 20 ఆంపియర్ల బ్రేకర్ మీద 16 కి మించి, 15 ఆంపియర్ల దాని మీద 12 కి మించి పెట్టరు. బాత్రూమ్, వంటగది నేలల్లో హీటింగ్ కేబుల్‌కి జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఏర్పాటు) తప్పనిసరి అని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. నేల కోసం చేసిన థర్మోస్టాట్‌లలో చాలావాటికి అది లోపలే ఉంటుంది. 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీ కనిపించగానే కరెంటు ఆపేస్తుంది. తడి కాళ్ళతో నిలబడే చోట అది ప్రాణరక్షణ, కాబట్టి ఆ సదుపాయం లేని చవక థర్మోస్టాట్ జోలికి పోకండి.

థర్మోస్టాట్ బాక్స్ లోతుగా ఉండేది పెట్టించండి. లోపల చాలా తీగలు ఇమడాలి. బాక్స్ నుంచి నేల దాకా గోడలో రెండు గొట్టాలు దింపించండి. ఒక దానిలో మ్యాట్ నుంచి వచ్చే పవర్ తీగ, ఇంకో దానిలో నేల ఎంత వేడిగా ఉందో థర్మోస్టాట్‌కి చెప్పే సెన్సార్ తీగ. రెండూ ఒకే గొట్టంలో వేస్తే సెన్సార్ రీడింగ్ తప్పుతుంది. గోడ అడుగు చెక్కలో తీగలు దూరే చోట ఇనప పలక కొట్టించండి, లేకపోతే రేపు బేస్‌బోర్డ్ మేకు నేరుగా తీగలోకి దిగుతుంది.

నేల సిద్ధం చేయడం

పాత టైల్ తీశాక కింది నేలని చేత్తో తడిమి చూడండి. బయటికి పొడుచుకొచ్చిన మేకులు, స్టేపుల్స్, పాత మసాలా గడ్డలు అన్నీ తీసేయాలి. ప్రతి గరుకూ కేబుల్‌కి శత్రువే. ప్లైవుడ్ నేల అయితే గది మధ్యలో గెంతి చూడండి. కిర్రుమన్నా, ఊగినా అక్కడ స్క్రూలు బిగించాలి. ఊగే నేల మీద టైల్ నిలవదు, మ్యాట్ ఉన్నా లేకపోయినా. సిరామిక్ టైల్ కంటే చలువరాయికి, గ్రానైట్‌కి ఇంకా రెండింతలు గట్టి నేల కావాలి.

కాంక్రీటు మీద వేస్తుంటే ఇంకో సంగతి ఉంది. భూమికి ఆనుకున్న కాంక్రీటు, వేడిని కిందికి లాగేసుకుంటుంది. దాని మీద కార్క్ గానీ, నురుగు బోర్డు గానీ పరిచి ఆపైన మ్యాట్ వేస్తే వేడి పైకి వస్తుంది. ఈ పొర మానేస్తే నేల వేడెక్కడానికి గంటలు పడుతుంది, బిల్లు మాత్రం ముందే వస్తుంది. బేస్‌మెంట్‌లో వేసే వాళ్ళు ఈ ఖర్చుకి వెనకాడకండి.

తర్వాత నేల ఊడ్చి, తడి గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. మ్యాట్ వేసే చోటు, వేయకూడని చోటు మార్కర్‌తో నేల మీదే గీసుకోండి.

మొదటి మీటరు

డబ్బా విప్పిన వెంటనే, మ్యాట్ చుట్ట విప్పకముందే, మల్టీమీటర్ తీయండి. ఓమ్‌ల మీద పెట్టి, పవర్ తీగలో ఉన్న రెండు తీగల మధ్య కొలవండి. మా మ్యాట్‌కి 30 రావాలి. మామూలుగా 5 శాతం తక్కువ నుంచి 10 శాతం ఎక్కువ వరకూ ఒప్పుకుంటారు, అంటే 28.5 కి 33 కి మధ్య ఏదైనా సరే. తర్వాత ఒక్కో తీగకీ ఎర్త్ తీగకీ మధ్య కొలవండి. అక్కడ మీటరు ఏమీ చూపకూడదు, తెగిన దారిలా ఉండాలి. ఏదైనా అంకె వచ్చిందంటే తీగ తొడుగు ఎక్కడో చిరిగింది, ఆ మ్యాట్ దుకాణానికే తిరిగి పంపండి. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్ పెట్టి తీగ తొడుగుని పరీక్షించే మీటరు) ఉంటే ఇంకా మంచిది. మల్టీమీటర్‌కి దొరకని సన్నటి చిరుగు కూడా అది పట్టుకుంటుంది.

సెన్సార్‌ని కూడా కొలిచి, దాని పుస్తకంలో ఉన్న పట్టికతో పోల్చుకోండి. అన్నీ ఒక కాగితం మీద తేదీతో రాయండి. చాలా మ్యాట్‌లకి గ్యారంటీ కార్డులోనే ఈ అంకెలు నింపే గళ్ళు ఉంటాయి. అవి నింపకపోతే రేపు వాళ్ళు మీ మాట వినరు.

పనిచేస్తుందో లేదో చూద్దామని చుట్టలో ఉన్న మ్యాట్‌కి కరెంటు పెట్టకండి. పొరల మధ్య వేడి పోగై నిమిషాల్లో కాలిపోతుంది. పరీక్ష మీటరుతోనే.

పరచడం

థర్మోస్టాట్ ఉన్న గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి, పవర్ తీగ అందాలి కదా. ఆ తీగ చాలా మ్యాట్‌లకి 10 అడుగులు ఉంటుంది. చుట్ట విప్పుకుంటూ అవతలి గోడ దాకా వెళ్ళండి. అక్కడ రెండు కేబుల్ మెలికల మధ్య వలని మాత్రం కత్తిరించి, మ్యాట్‌ని వెనక్కి తిప్పి, పక్క వరసలో మళ్ళీ పరచండి. చాపని మడతపెట్టకుండా తిప్పి వేసినట్టు. మూలల్లో, కమోడ్ చుట్టూ వంపుల్లో మ్యాట్ ఇమడకపోతే, వల నుంచి కేబుల్ విడదీసి చేత్తో వంపులు తిప్పి, గ్లూతో అంటించవచ్చు. మెలికల మధ్య ఎడం మ్యాట్‌లో ఎంతుందో అంతే ఉంచండి.

కేబుల్ కేబుల్‌ని తాకకూడదు. ఒకదాని మీద ఒకటి దాటకూడదు. దాటిన చోట వేడి రెట్టింపై తీగ కరుగుతుంది. ఇది రాతలో చిన్న విషయంలా ఉంటుంది గానీ, గది మూలలో మోకాళ్ళ మీద కూర్చుని వంపులు తిప్పుతుంటే చాలా తేలిగ్గా జరిగిపోతుంది. పరిచాక లైటు పక్క నుంచి వేసి ప్రతి అడుగూ చూడండి.

హీటింగ్ కేబుల్ పవర్ తీగతో కలిసే చోట ఒక లావాటి అతుకు ఉంటుంది. ఫ్యాక్టరీలో వేసిన ఆ అతుకు కూడా సిమెంటులోనే ఉండాలి. గోడలోకి, గొట్టంలోకి లాగేయకూడదు. లావుగా ఉంటుంది కాబట్టి నేలలో చిన్న గాడి చెక్కి అందులో పడుకోబెట్టండి. మా రెండో బాత్రూములో నేనే ఉలితో చెక్కాను, పది నిమిషాల పని. సెన్సార్ కొనకీ అలాగే. దాన్ని వేడి ప్రాంతంలో అర అడుగు లోపలికి, రెండు కేబుల్ వరసల సరిగ్గా మధ్యలో పెట్టాలి. ఏ కేబుల్‌నీ దాటకుండా, మెలిక తెరిచి ఉన్న వైపు నుంచి రావాలి.

సెన్సార్లు రెండు పెట్టండి. ఒకటి థర్మోస్టాట్‌కి కలపండి, రెండోది తీగతో సహా బాక్సులో చుట్టి వదిలేయండి. సెన్సార్ ధర టైల్స్ పగలగొట్టే ఖర్చు ముందు ఏపాటిది? మొదటిది ఎప్పుడైనా చచ్చిపోతే స్క్రూడ్రైవర్‌తో అయిదు నిమిషాల్లో మార్చేసుకోవచ్చు.

మ్యాట్‌ని నేలకి బాగా అంటించండి. వల లేచి ఉంటే మసాలా మీద తేలి, టైల్‌ని ఎత్తేస్తుంది. చెక్క నేలకి స్టేపుల్స్ కొట్టవచ్చు, వలకి మాత్రమే, కేబుల్‌కి దగ్గరగా కూడా వద్దు.

ఇప్పుడు రెండో మీటరు. అంకెలు మొదటి దానితో కలవాలి. రాసుకోండి. కొలతల టేపుని వరసల పక్కనే పరిచి నేల మొత్తం ఫొటోలు తీయండి, గోడ నుంచి ప్రతి వరసా ఎంత దూరంలో ఉందో తెలిసేలా. రేపు తలుపు స్టాపర్ పెట్టడానికో, కొత్త కమోడ్ బిగించడానికో నేలలో రంధ్రం వేయాల్సి వస్తే ఆ ఫొటోలే దిక్కు. ఇన్‌స్పెక్టర్ రావాల్సి ఉంటే ఈ దశలోనే వచ్చి చూడాలి, మూసేశాక కాదు.

మసాలా, టైల్

కేబుల్ తెగేది ఎక్కువగా ఈ రోజే. అందుకని పని జరుగుతున్నంతసేపూ కేబుల్‌ని కనిపెట్టి ఉండే చిన్న అలారం పెట్టెలు దొరుకుతాయి. తీగలకి తగిలిస్తే చాలు, ఎక్కడైనా తెగిన క్షణమే కీచుమంటుంది. నా మాట వింటే ఒకటి కొనండి. మ్యాట్ మీద నడవాల్సి వస్తే అట్టముక్కలు పరచండి. ఉలి, సుత్తి, బకెట్ ఏదీ దాని మీద పెట్టకండి.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పే పద్ధతి ఇది. ముందు నేలకి ప్రైమర్ పూసి, సెల్ఫ్ లెవెలింగ్ సిమెంటు పలచగా కలిపి, కేబుల్ పూర్తిగా మునిగేదాకా పోయండి. గుమ్మం దగ్గర చెక్కతో అడ్డుకట్ట వేయడం మరవకండి, నీళ్ళలా పారుతుంది. మర్నాటికి చదునైన గట్టి నేల తయారవుతుంది. దాని మీద టైల్స్ మామూలుగా పరుచుకోవచ్చు, తాపీ కేబుల్‌ని తాకే భయం లేదు. ఒకేసారి తిన్‌సెట్ అనే టైల్ అంటించే మసాలాలోనే మ్యాట్‌ని పూడ్చి టైల్ వేసే పద్ధతి కూడా ఉంది. చేయి తిరిగిన వాళ్ళకి అది త్వరగా అవుతుంది. అప్పుడు ప్లాస్టిక్ తాపీ వాడాలి, కేబుల్ వరసల వెంటే లాగాలి, అడ్డంగా కాదు. ఏ పద్ధతైనా కేబుల్ చుట్టూ గాలి బుడగ మిగలకూడదు. గాలి వేడిని లాక్కోదు కాబట్టి అక్కడ తీగ మాడుతుంది. తిన్‌సెట్‌లో పాలిమర్ కలిసినదే తీసుకోండి, నేల వేడెక్కి చల్లబడినప్పుడు కొద్దిగా సాగి టైల్‌ని పట్టుకుంటుంది. గోడ అంచుల్లో పావు అంగుళం ఖాళీ వదిలి, అక్కడ గ్రౌట్ బదులు సిలికాన్ నింపండి.

గ్రౌట్ ఆరాక మూడో మీటరు. మూడు వరసల అంకెలు కలిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి థర్మోస్టాట్ కలిపించండి.

కలిపినా అప్పుడే వేయకండి. మసాలా సంచి మీద ఎన్ని రోజులు రాసి ఉంటే అన్ని రోజులు ఆగాలి, చాలా తిన్‌సెట్‌లకి వారం, కొన్ని సిమెంటులకి నాలుగు వారాలు. త్వరగా ఆరుతుందని హీటర్ వేస్తే మసాలాలో నీరు ఆవిరై బలం రాకముందే పగుళ్ళు వస్తాయి.

టైల్ కాకుండా లామినేట్, వినైల్, ఇంజినీర్డ్ వుడ్ కింద వేయాలనుకునే వాళ్ళకి వేరే రకం మ్యాట్‌లు ఉంటాయి. వాటి పైన వేడి దాదాపు 82 నుంచి 85 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటనివ్వకూడదు. నేల తయారుచేసిన కంపెనీ ఒప్పుకుంటేనే వేయండి.

వాడకం

బాత్రూమ్ టైల్‌కి 82 నుంచి 85 డిగ్రీలు సరిపోతుంది. లేవడానికి గంట ముందు మొదలయ్యేలా టైమర్ పెట్టుకోండి. మా 480 వాట్ల మ్యాట్ రోజుకి మూడు గంటలు ఆపకుండా నడిచినా యూనిటున్నర కూడా కాదు. నేల వేడెక్కాక థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే.

ఇక మన ఇళ్ళకి ప్రత్యేకమైన జాగ్రత్తలు. చుట్టాలొస్తే నేల మీద పరుపులు వేస్తాం. వంటగది మూలన బియ్యం బస్తా పెడతాం. మ్యాట్ ఉన్న చోట ఈ రెండూ వద్దు. మందపాటి పరుపు, బస్తా, దళసరి రగ్గు కింద వేడి బయటికి పోలేక పోగవుతుంది. సెన్సార్ వేరే చోట ఉంటే దానికి ఆ సంగతే తెలియదు. పీట వేసుకుని కూర్చోండి, దాని కాళ్ళ మధ్య గాలి ఆడుతుంది. పెద్దవాళ్ళలో షుగర్ వల్ల అరికాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళుంటే థర్మోస్టాట్‌లో నేల గరిష్ఠ పరిమితిని తగ్గించి లాక్ చేయండి. వేడి ఎక్కువైనా వాళ్ళ కాళ్ళు చెప్పలేవు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ దాన్ని 80 మీదే ఉంచాను.

నెలకోసారి థర్మోస్టాట్ మీద టెస్ట్ బటన్ నొక్కి జీఎఫ్‌సీఐ పనిచేస్తోందో చూడండి. అది పదే పదే ట్రిప్ అవుతుంటే రీసెట్ చేస్తూ కూర్చోకండి. బ్రేకర్ దించేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తీగకీ ఎర్త్‌కీ మధ్య మళ్ళీ కొలిపించండి. మీ కాగితం మీద ఉన్న మూడు వరసల అంకెలు అప్పుడు అతనికి కావాలి. ఆ కాగితం, ఫొటోల ప్రింటు ఒక కవరులో పెట్టి బ్రేకర్ ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించి ఉంచండి.